నారుమడిలో బిస్‌పైరిబాక్: ఏడేళ్లు కొట్టాక

నారుమడిలో ఊద అనే కలుపు గడ్డి పీకినవాళ్లకే ఆ బాధ తెలుసు. చేతికి దొరికేంత పెరిగేసరికి దాని వేళ్లు నారు వేళ్లతో పెనవేసుకుపోతాయి. ఒకటి లాగితే నాలుగు వరి మొక్కలు వెంట వస్తాయి. వదిలేస్తే నారుకట్టల్లో కలిసి పొలంలోకి వెళుతుంది, అంటే ఊదని మన చేత్తో మనమే నాటుకున్నట్టు. అది పడలేకే ఏడేళ్ల కిందట బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం అనే కలుపు మందు మొదలుపెట్టాను. సీసాలు మూడు నాలుగు రకాలు మార్చాను కానీ నాకు పనితనంలో తేడా కనబడలేదు. తేడా అంతా కొట్టే తీరులోనే ఉంది.

విత్తిన 10-12 రోజులకు, ఊద మూడు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు కొడతాను. ఎకరాకు 80 మి.లీ., 200 లీటర్ల నీళ్లు అనేది లెక్క. 5 సెంట్ల మడికి వచ్చేసరికి అది 4 మి.లీ., 10 లీటర్ల నీళ్లు. ఈ 4 మి.లీ. దగ్గరే తప్పు జరిగేది. రెండో ఏడు నేను మూతతో అందాజుగా పోశాను. పైగా గట్టు వారగా వెళ్లినచోటే మళ్లీ వెళ్లాను. అక్కడ నారు పసుపెక్కి, పది రోజులు కదలకుండా గిడసబారిపోయింది. ఆ టెన్షన్ చాలు. అప్పటి నుంచి సూది తీసేసిన సిరంజితో కొలుస్తున్నాను. మోతాదు సరిగ్గా ఉన్నా నారు కాస్త లేత పసుపుకి తిరుగుతుంది, వారంలో కోలుకుంటుంది. దానికి కంగారుపడి యూరియా చల్లేయకండి.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. ఇది ఆకు పీల్చుకునే మందు. కలుపు ఆకులు నీళ్లలో మునిగి ఉంటే మందు వాటికి తగలనే తగలదు. ముందురోజే మడిలో నీళ్లు తీసేయాలి, నేల తడిగా ఉంటే చాలు. కొట్టాక రెండు మూడు రోజులకు పలచగా నీళ్లు పెట్టి, ఓ వారం ఆరనివ్వకూడదు. ఒక ఏడాది నీళ్లు మళ్లీ అందవేమోనన్న భయంతో తీయకుండానే కొట్టాను. గట్ల మీద కలుపు పోయింది, మడిలో ఊద హాయిగా పెరిగింది.

ఫలితం తొందరగా ఆశించే వాళ్లకి ఇది నచ్చదు. కొట్టిన వారం దాకా ఊద పచ్చగానే కనిపిస్తుంది, మందు నకిలీదేమో అనిపిస్తుంది. నిజానికి ఎదుగుదల ముందే ఆగిపోతుంది. తర్వాత లేత ఆకు నుంచి పసుపెక్కి, రెండు వారాలకి కుళ్లినట్టు పోతుంది. గుంటగలగర లాంటి వెడల్పాకు కలుపు, కొన్ని రకాల తుంగ కూడా పోతాయి. లెప్టోక్లోవా అనే గడ్డిజాతి కలుపు మాత్రం దీనికి లొంగదు. అది ఉన్న మడిలో సైహాలోఫాప్ బ్యుటైల్ అనే మందు మేలు, కానీ ఆ మందు గడ్డిజాతి మీద తప్ప తుంగ మీద, వెడల్పాకుల మీద పనిచేయదు.

మిగిలిన ఒకటీ అరా చేత్తో తీయాలంటే గుర్తు పట్టడం రావాలి. ఆకు కాడని కలిసే చోట విప్పి చూడండి. వరికి తెల్లటి చిన్న నాలుక, నూగు చెవులు ఉంటాయి. ఊదకి అక్కడ నున్నగా, ఖాళీగా ఉంటుంది.

ప్రెటిలాక్లోర్ అనే ఇంకో కలుపు మందు కూడా రెండేళ్లు వాడాను. విత్తిన 3-5 రోజుల్లోపే కొట్టాలి, అసలు మొలవనివ్వదు కాబట్టి మడి శుభ్రంగా ఉంటుంది. అయితే సేఫ్‌నర్, అంటే వరికి మందు దెబ్బ తగలకుండా కాపాడేది, కలిసి ఉన్నదే కొనాలి. అది లేనిది నాట్లు వేసిన పొలానికి సరే కానీ, మొలక దశలో ఉన్న వరినీ దెబ్బ తీస్తుంది. అదను తప్పితే ఆ మందుతో లాభం లేదు. నాకు ఆ అదను ఎప్పుడూ కుదరదు, అందుకే మళ్లీ బిస్‌పైరిబాక్‌కే వచ్చాను.

ఒక్క అసంతృప్తి ఉంది. ఏటా ఇదే కొడితే దీనికి తట్టుకునే ఊద తయారవుతుంది. నా మడిలో ఇంకా కనబడలేదు గానీ, మూడేళ్లుగా విత్తేముందు ఒకసారి దమ్ము చేసి, తడి పెట్టి పది రోజులు వదిలేస్తున్నాను. మొలిచిన కలుపంతా రెండో దమ్ములో తొక్కిపోతుంది. ఆ పని చేసిన మడిలో నిరుడు మందు కొట్టకుండానే ఒక మూల వదిలి చూశాను. నారు పీకే రోజు ఆ మూలలో దొరికిన ఊద రెండు గుప్పిళ్లు.