కేర్ కంపేర్ సమీక్ష: స్టార్లు పక్కన పెట్టి నిమిషాలు చదవండి

అమెరికాలో నర్సింగ్ హోమ్ వెతుక్కోవాల్సిన పరిస్థితి చాలా కుటుంబాలకు చెప్పాపెట్టకుండా వస్తుంది. పెద్దాయన బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. ఆపరేషన్ అయిన మూడో రోజో నాలుగో రోజో ఆసుపత్రి కేస్ మేనేజర్ ఐదారు పేర్లున్న కాగితం చేతిలో పెట్టి, రేపు మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పమంటుంది. ఆ కాగితం పట్టుకుని దాదాపు అందరూ తెరిచేది మెడికేర్ (65 దాటినవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) వారి కేర్ కంపేర్ సైటునే. జిప్ కోడ్ కొట్టి, ఎక్కువ స్టార్లున్న పేరు చూసి, ఊపిరి పీల్చుకుని ఫోన్ మూసేస్తారు. అక్కడే పొరపాటు జరుగుతోంది. ఈ సైటులో అన్నిటికంటే పెద్దగా కనిపించేది మొత్తం స్టార్ రేటింగే, కానీ అంతకంటే పనికొచ్చే సమాచారం దాని కింద రెండు మూడు క్లిక్కుల దూరంలో ఉంటుంది.

ముందుగా ఒక మాట. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, చిన్న ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ ఆ మాటను వేరే అర్థంలో వాడతారు. సర్జరీ తర్వాత కొన్ని వారాలు ఫిజియోథెరపీకి ఉండేవాళ్లు, ఇక లేచి తిరగలేక ఏళ్ల తరబడి ఉండేవాళ్లు ఒకే కప్పు కింద ఉండే చోటు ఇది. ఊళ్లో ఉన్న బంధువులకు ఫోన్‌లో చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే వాళ్లు వేరేగా అర్థం చేసుకుంటారు.

ఈ సైటు వెనక ఒక సంస్కరణ చట్టం ఉంది. నర్సింగ్ హోముల్లో వృద్ధుల్ని మంచాలకు కట్టేయడం, పుండ్లు పడేదాకా వదిలేయడం మీద 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ గట్టి నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం తెచ్చింది. ప్రతి ఒక్కరికీ విడిగా ఆరోగ్య అంచనా, రాతపూర్వకమైన సంరక్షణ ప్రణాళిక, అకారణంగా కట్టేయకుండా ఉండే హక్కు, ఎయిడ్లకు (తినిపించడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం చేసే సహాయకులకు) కనీసం 75 గంటల శిక్షణ, ముందస్తు సమాచారం లేని తనిఖీలు, ఇవన్నీ ఆ చట్టంతో వచ్చినవే. ఆ తనిఖీల ఫలితాలు జనానికి కనిపించేలా 1998లో సైటు పెట్టారు, 2008 డిసెంబరులో ఐదు స్టార్ల పద్ధతి తెచ్చారు, 2020లో పేరు మార్చి కేర్ కంపేర్ చేశారు. వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ప్రకటనలు లేవు. ఏ హోమూ డబ్బిచ్చి పైవరసలోకి రాలేదు. ఇంత వివరంగా, ఇంత బహిరంగంగా పెట్టిన సమాచారాన్ని వాడుకోకుండా వదిలేయడం నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు ఆ మొత్తం స్టార్ ఎలా తయారవుతుందో చూడండి. మూడు విభాగాలుంటాయి: తనిఖీలు, సిబ్బంది, నాణ్యత కొలతలు (ఎంతమంది పడి దెబ్బ తగిలించుకున్నారు, ఎంతమందికి మత్తు మందులిస్తున్నారు లాంటివి). లెక్క తనిఖీ స్టార్లతో మొదలవుతుంది. సిబ్బందిలో ఐదు స్టార్లుంటే ఒకటి కలుపుతారు, ఒక్క స్టారే ఉంటే ఒకటి తీసేస్తారు. నాణ్యత కొలతలకూ అంతే. అంటే తనిఖీలో 3, సిబ్బందిలో 2, నాణ్యతలో 5 వచ్చిన హోమ్‌కు మొత్తం 4 స్టార్లు. మనుషులు చాలని హోమే, అయినా కుటుంబం కంటికి నాలుగు స్టార్లతో మెరుస్తుంది. పైగా ఆ కలిసిన స్టార్ వచ్చిన నాణ్యత కొలతల్లో చాలా భాగం హోమ్ తన చేత్తో తాను రాసిచ్చిన లెక్కలే.

తనిఖీ స్టార్లలో ఇంకో మెలిక ఉంది. వాటిని రాష్ట్రంలోపలే పంచుతారు. ప్రతి రాష్ట్రంలో మెరుగైన పది శాతం హోములకు ఐదు స్టార్లు, అట్టడుగు ఇరవై శాతానికి ఒక స్టార్, మధ్యలో మిగిలినవాటికి 4, 3, 2 సమానంగా. అన్నయ్య టెక్సాస్‌లో, చెల్లి న్యూజెర్సీలో ఉండి, అమ్మను ఎవరి దగ్గర పెట్టాలా అని రెండు రాష్ట్రాల స్టార్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పోలిక చెల్లదు. రాష్ట్రాలు దాటి పోల్చాలంటే సిబ్బంది నిమిషాలనే పోల్చాలి.

ఆ నిమిషాలే ఈ సైటులో అసలైన సరుకు. సిబ్బంది విభాగం తెరిస్తే ఒక్కో మనిషికి రోజుకు ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) సమయం ఎంత, ఎల్‌పీఎన్ (అంతకంటే తక్కువ చదువున్న లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) సమయం ఎంత, నర్స్ ఎయిడ్ సమయం ఎంత అని గంటలు నిమిషాల్లో ఇస్తారు. పక్కనే రాష్ట్ర సగటు, దేశ సగటు. ఒకప్పుడు ఇవి హోములు తామే రాసిచ్చిన అంకెలు. 2016 నుంచి జీతాల రికార్డుల ఆధారంగా ఇవ్వాలన్నారు, 2018 ఏప్రిల్ నుంచి స్టార్లకు ఆ లెక్కే వాడుతున్నారు. అందుకే సైటు మొత్తంలో ఎక్కువగా నమ్మదగ్గవి ఇవే. మూడు నెలలకోసారి మారుతుంటాయి, చూసే వేళకు కొన్ని నెలల పాతవై ఉంటాయి.

అంకెను ఎలా చదవాలో ఒక ఉదాహరణ. ఒక హోమ్‌లో ఎయిడ్ సమయం రోజుకు 2 గంటల 10 నిమిషాలు అని ఉందనుకోండి. మంచం మీద నుంచి లేవలేని, చేత్తో తినలేని ఒక పెద్దావిడకు ఏమేం చేయాలి? రెండు గంటలకోసారి పక్క మార్చాలి: ఇద్దరు పట్టుకుంటేనే నొప్పి లేకుండా తిప్పగలరు, ఒక్కరి లెక్కే వేసుకున్నా ఐదేసి నిమిషాల చొప్పున పన్నెండు సార్లకు గంట. డైపర్ ఐదుసార్లు మార్చి, ఒళ్లు తుడిచి, క్రీము రాయడానికి పదేసి నిమిషాలు, అంటే 50. మూడు పూటలా తినిపించడానికి పాతికేసి నిమిషాలు, అంటే 75. అప్పుడే మూడు గంటలు దాటింది. స్నానం లేదు, తల దువ్వడం లేదు, కుర్చీలో కూర్చోబెట్టడం లేదు. రెండు గంటల పది నిమిషాలనేది సగటే, తమంతట తాము నడిచేవాళ్లకు తక్కువ పడుతుంది, నిజమే. కానీ సగటు తక్కువున్న చోట కోత పడేది ఎప్పుడూ పక్క మార్చడం మీద, తినిపించడం మీద. పిలవలేనివాళ్లే నష్టపోతారు. మెడికేర్ సంస్థ కోసం 2001లో చేసిన అధ్యయనం, ఎక్కువ కాలం ఉండేవాళ్లకు ఎయిడ్ సమయమే రోజుకు 2.8 గంటలు, నర్సులతో కలిపి 4.1 గంటల కంటే తగ్గితే హాని ముప్పు పెరుగుతుందని తేల్చింది. 2024లో ప్రభుత్వం అంతకంటే తక్కువగా, 3.48 గంటలకు కనీస పరిమితి పెడుతూ నిబంధన తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి కనీసం ఎంతమంది ఉండాలో చూసుకునే పని కుటుంబం మీదే పడింది.

అదే పేజీలో ఇంకొంచెం కిందకి వెళ్తే శని, ఆదివారాల సిబ్బంది సమయం, ఏడాదిలో ఎంత శాతం సిబ్బంది మానేశారు, ఎంతమంది అడ్మినిస్ట్రేటర్లు మారారు అనేవి కనిపిస్తాయి. 2022 జనవరి నుంచి ఇవి పెడుతున్నారు. ఏడాదిలో ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు మారిన చోట స్టార్లు ఎన్నున్నా ఆగి ఆలోచించాలి. పాత ఎయిడ్‌కే తెలుస్తుంది, ఈయనకు కుడి చెవి వినపడదని, మాత్ర అన్నంతో కలిపితేనే మింగుతారని.

రెండో విలువైన చోటు తనిఖీ రిపోర్టు. అధికారిక ఫారం పేరు సీఎంఎస్-2567. సైటులో పూర్తి రిపోర్టు తెరిచే లింకు ఉంది, కానీ చాలామంది లోపాల సంఖ్య చూసి ఆగిపోతారు. సంఖ్యతో ఏమీ తేలదు. ప్రతి లోపానికీ ఏ నుంచి ఎల్ వరకు ఒక అక్షరం వేస్తారు: తీవ్రత ఎంత, ఎంతమందికి తగిలింది అనేదాన్ని బట్టి. డి, ఈ, ఎఫ్ అంటే హాని జరిగే అవకాశం ఉంది. జీ, హెచ్, ఐ అంటే హాని జరిగింది. జే, కే, ఎల్ అంటే ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. పన్నెండు డీల కంటే ఒక్క జీ ఎక్కువ చెబుతుంది. సైటు ఈ అక్షరాలను మాటల్లోకి మార్చి చూపిస్తుంది కాబట్టి, నిజంగా హాని జరిగిందని, తక్షణ ప్రమాదం ఉందని రాసినవి ముందు వెతకండి. తర్వాత లోపం దేని గురించో చెప్పే ఈ కోడ్ నంబర్లు చూడండి: ఎఫ్-686 ఒత్తిడి పుండ్లు, ఎఫ్-689 పడిపోవడం లాంటి ప్రమాదాలు, ఎఫ్-600 వేధింపులు, ఎఫ్-725 సిబ్బంది కొరత.

ఆ రిపోర్టుల భాష పొడిపొడిగా ఉంటుంది. పేర్లుండవు, ఫలానా నంబరు రెసిడెంట్ అని ఉంటుంది. తనిఖీ అధికారి గది గుమ్మంలో నిలబడి గడియారం చూసి రాసే తీరు ఇలా ఉంటుంది: ఉదయం 9:10కి వెల్లకిలా పడుకుని ఉన్నారు, 10:45కి అదే భంగిమ, 12:30కి అదే భంగిమ, మడమల కింద పెట్టాల్సిన దిండు కుర్చీలో ఉంది, ప్రణాళికలో రెండు గంటలకోసారి పక్క మార్చాలని రాసి ఉంది. ఎయిడ్‌ను అడిగితే ఆ పూట తన చేతి కింద ఎంతమంది ఉన్నారో చెబుతుంది. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు చాలు. ఇలాంటి పేరా ఒక్కటి చదివితే ఆ హోమ్‌లో రోజు ఎలా గడుస్తుందో అర్థమైపోతుంది. ఒకే లోపం రెండు తనిఖీల్లో వరసగా కనిపిస్తే, కాగితం మీద దిద్దుకున్నారే తప్ప మంచం దగ్గర ఏమీ మారలేదన్నమాట.

నాణ్యత కొలతల మీద అంత నమ్మకం పెట్టుకోవద్దు. పడి తీవ్రంగా దెబ్బ తగిలినవాళ్ల శాతం అనే కొలత చూడండి. చికాగో యూనివర్సిటీ పరిశోధకులు హోములు రాసిన లెక్కను మెడికేర్ ఆసుపత్రి బిల్లులతో పోల్చినప్పుడు, అలాంటి సంఘటనల్లో 57.5 శాతమే హోముల రికార్డుల్లో కనిపించాయి. మిగతావి రాయనే లేదు. మత్తుగా ఉంచే యాంటీసైకోటిక్ మందుల లెక్కలోనూ ఇలాంటి కంత ఉంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉందని రాస్తే ఆ మనిషి లెక్కలోంచి తప్పుకుంటారు. డెబ్బై ఎనభై ఏళ్ల వయసులో కొత్తగా ఆ జబ్బు పేరు పుట్టుకొస్తుంటే అనుమానించాల్సిందే. 2023 నుంచి ఈ రాతల మీద ఆడిట్లు చేస్తున్నారు, తప్పు తేలితే నాణ్యత స్టార్ ఒకటికి దించుతున్నారు.

రెండు గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంకేమీ చదవక్కర్లేదు. ఎర్రటి వలయంలో అరచేయి గుర్తు ఉంటే వేధింపుల విషయంలో తప్పు రుజువైంది. పసుపు త్రికోణం ఉంటే ఏళ్లుగా తీవ్ర లోపాలున్న హోమ్‌గా ప్రత్యేక నిఘాలో ఉంది, దానికి స్టార్లే ఇవ్వరు. స్టార్లు లేవు, కొత్త హోమేమో అని పొరబడేవాళ్లున్నారు.

సైటు చెప్పనివి కూడా తెలుసుకుని ఉండాలి. అసిస్టెడ్ లివింగ్ హోములు (రోజువారీ పనులకు కొంత సాయం చాలినవాళ్లు ఉండే చోట్లు) ఇందులో అసలు ఉండవు, వాటి లైసెన్సులు, తనిఖీలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. రేట్లు ఉండవు. సొంత డబ్బుతో ఉంటే ఇద్దరుండే గదికి దేశ సగటున నెలకు తొమ్మిది వేల డాలర్లు దాటుతుంది. మెడికేర్ ఇచ్చేది ఆసుపత్రిలో మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉన్నాక, మొదటి 20 రోజులు పూర్తిగా, 21 నుంచి 100 వరకు మీ వాటాతో. అబ్జర్వేషన్ కింద, అంటే ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా గమనించడానికి ఉంచిన రోజులు ఆ మూడింట్లోకి రావు, కేస్ మేనేజర్‌ను మొదటి రోజే అడగాలి. పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వచ్చి ఇక్కడ పని చేయని తల్లిదండ్రులు 65 దాటినా, ఐదేళ్లు వరసగా ఉంటేగానీ ప్రీమియం కట్టి మెడికేర్ కొనుక్కోలేరు.

భాష, తిండి గురించి ఒక్క ముక్క ఉండదు, మన వాళ్లకు ఇదే పెద్ద లోటు. మతిమరుపు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు జారిపోతుంది, తెలుగు ఒక్కటే మిగులుతుంది. "మంటగా ఉంది", "కడుపులో తిప్పుతోంది" అంటే అర్థం చేసుకునేవాళ్లు లేక, గొడవ చేస్తున్నారని రాసేస్తారు. నొప్పి, మూత్రం, దాహం, చలి, వేడి, తల తిరగడం: ఒక్కో మాటకు బొమ్మ, తెలుగులో పెద్దక్షరాలు, ఎయిడ్ పలకడానికి ఉచ్చారణ ఉన్న కార్డు మంచం పక్కన అంటించండి. మెనూ అక్కడ ఉంటున్నవారి మత, సాంస్కృతిక అవసరాలకు తగ్గట్టు ఉండాలని ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. శాకాహారం ఉందా అని అడిగితే ఉందనే అంటారు. సూపు దేనితో కాస్తారు, జెల్లోలో జెలటిన్ ఉందా, రోజూ సాదా పెరుగు, మెత్తటి అన్నం ఇవ్వగలరా అని డైటరీ మేనేజర్‌నే అడగాలి. ఒప్పుకున్నది సంరక్షణ ప్రణాళికలో రాయించాలి. రాయనిది మరుసటి షిఫ్టు వాళ్లకు తెలియదు.

ఈ రంగంలో పని చేసే తెలుగువాళ్లకు, నర్సులు కావచ్చు, థెరపిస్టులు కావచ్చు, జెరంటాలజీ (వృద్ధాప్య శాస్త్రం) చదువుతున్నవాళ్లు కావచ్చు, ఈ సైటు ఇంకో విధంగానూ ఉపయోగం. ఉద్యోగం ఒప్పుకునే ముందు ఆర్‌ఎన్‌లు మానేసే శాతం, వారాంతపు సిబ్బంది సమయం, యజమానుల పేర్లు, ఎప్పటి నుంచి నడుపుతున్నారు అనేవి చూసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పేదానికంటే అక్కడే ఎక్కువ తెలుస్తుంది. సైటులో ఉన్న అన్ని హోముల లెక్కలూ ఉచితంగా దింపుకోవచ్చు, చదువుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు సరుకు దొరకదు.

సైటులో మూడు హోములు ఎంచుకున్నాక వాటిని చూడటానికి ఆదివారం సాయంత్రం భోజనాల వేళ వెళ్లండి. ఆ రోజు ఏ షిఫ్టుకు ఎన్ని గంటల ఆర్‌ఎన్, ఎల్‌పీఎన్, ఎయిడ్ పని ఉంది, ఎంతమంది రెసిడెంట్లున్నారు అనే కాగితం అందరికీ కనిపించే చోట అంటించి ఉండాలి, అది నిబంధన. దాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకుని, ఎయిడ్ గంటలను మనుషుల సంఖ్యతో భాగించి, షిఫ్టులన్నీ కలిపి, సైటులోని వారాంతపు అంకె పక్కన పెట్టండి. ఎవరి గది బయటైనా కాల్ లైట్ (సాయం కోసం లోపల బటన్ నొక్కితే వెలిగే దీపం) వెలుగుతుంటే, ఎంతసేపటికి ఆరుతుందో గడియారం చూసుకోండి. ఆ ప్రాంతపు లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కు, అంటే హోముల్లో ఉండేవాళ్ల ఫిర్యాదులు చూసే ప్రతినిధికి ఫోన్ చేసి, ఈ హోమ్ మీద ఎక్కువగా వచ్చే ఫిర్యాదు దేని గురించని అడగండి. ఆ సేవకు డబ్బు తీసుకోరు, ప్రతి రాష్ట్రంలోనూ ఉంది.