రెండేళ్ల పిల్లల మాటలకు ఏది మేలు? ఫ్లాష్ కార్డులా, బొమ్మల పుస్తకమా, స్నానం చెంబా?

"బాబుకి రెండేళ్లు నిండుతున్నాయి, గట్టిగా లెక్కేస్తే పదిహేను మాటలు. ఫ్లాష్ కార్డులు కొనమంటారా, పుస్తకాలు కొనమంటారా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లకు ఏడాదికి తొలి మాట, రెండేళ్లకు యాభై మాటలు, రెండేసి మాటలు కలపడం అన్న కొలత తెలిసే ఉంటుంది, ఆ పాఠం వదిలేద్దాం. ఒక్క దిద్దుబాటు మాత్రం చెప్పాలి. 'బువ్వ', 'లాల', 'జోజో', 'భౌభౌ' కూడా మాటలే. కుక్క కనిపించిన ప్రతిసారీ అదే శబ్దం చేస్తున్నాడంటే, నిఘంటువులో లేకపోయినా అది మాట కిందే లెక్క. ఓసారి అలా లెక్కేసి చూడండి.

లెక్కేశాక కూడా యాభైకి చాలా దూరంలో ఉంటే, కొనడం తర్వాత, ముందు చెవి పరీక్ష. పిలిస్తే తిరిగి చూస్తున్నాడు కదా అని ధీమా వద్దు. తలుపు చప్పుడు వినిపించే పిల్లాడికి 'స' లాంటి సన్నటి ధ్వని అందకపోవచ్చు. తరచూ జలుబు చేసి మధ్య చెవిలో నీరు చేరినా మాట మసకగా వినిపిస్తుంది. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా పరీక్ష పిల్లాడు నిద్రలో ఉండగానే చేసేస్తారు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించే ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడ అడగండి. సికింద్రాబాద్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. స్పీచ్ థెరపిస్టును కలవడం, ఇంట్లో మొదలుపెట్టడం రెండూ ఒకేసారి జరగాలి. "మగపిల్లాడు కదా, వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి" అంటూ ఏడాది ఆగడం మాత్రం వద్దు. వచ్చిన మాటలు పోతుంటే ఒక్క వారం కూడా ఆగొద్దు.

ఇక తూకం. ఇక్కడ వాడే రాయి ఒక్కటే: పది నిమిషాల్లో పిల్లాడికి ఎన్నిసార్లు వంతు వచ్చింది? వంతంటే మాటే కానక్కర్లేదు. చూపు, వేలు, కూత, చెయ్యి చాపడం అన్నీ వంతులే. మీరు ఒకటి అన్నారు, వాడు ఒకటి చేశాడు, దానికి మీరు బదులిచ్చారు. అదీ లెక్క. ఎంఐటీలో 2018లో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు కథలు వింటుండగా మెదడు స్కాన్ చేసి చూశారు. ఇంట్లో ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువగా ఉన్న పిల్లల్లో భాషకు సంబంధించిన బ్రోకా ప్రాంతం ఎక్కువ చురుగ్గా ఉంది. పెద్దవాళ్లు ఎన్ని మాటలు మాట్లాడారన్నది ఆ తేడాను వివరించలేకపోయింది. "నేను రోజంతా వాడితో మాట్లాడుతూనే ఉంటానండీ" అనే తల్లులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

కార్డులతో ఆట ఎలా సాగుతుందో తెలిసిందే. ముప్ఫై కార్డులు, ఒక్కోటి తీసి "ఇదేంటి?". వంతు వస్తుంది గానీ అది పరీక్షలో వచ్చే వంతు, ఒక్క మాటతో అయిపోతుంది. అంతకన్నా పెద్ద లోటు తెలుగుకే సంబంధించింది. మన వాక్యం బరువంతా చివర క్రియ మీద ఉంటుంది. ఇచ్చా, ఇస్తా, ఇవ్వను, ఇయ్యి, ఇప్పించు. ఎవరు, ఎప్పుడు, ఔనా కాదా అన్నీ ఆ తోకలోనే తెలిసిపోతాయి. కార్డుల డబ్బాలో ఉండేవేమో యాపిల్, జీబ్రా, హెలికాప్టర్. 'జీబ్రా' అనే మాటతో రెండేళ్ల పిల్లాడు ఇంట్లో సాధించుకోగలిగే పని ఏదీ లేదు. అదే 'ఇయ్యి', 'వద్దు', 'ఇంకా', 'అయిపోయింది' అన్న నాలుగు మాటలు వస్తే సగం ఏడుపులు తగ్గుతాయి. కార్డు మీద ఆవును గడగడా చెప్పేవాడు వీధిలో ఆవు ఎదురైతే నోరు మెదపకపోవడానికీ కారణం ఇదే: వాడు నేర్చుకున్నది ప్రశ్నకు జవాబు. ఇప్పటికే కొనేశారంటే పారేయొద్దు. ఇంట్లో ఉన్న వస్తువుల కార్డులు ఓ ఎనిమిది ఏరి, బంతి కార్డును బంతి పక్కన, చెప్పు కార్డును చెప్పు పక్కన పెట్టించండి. మిగతావి అటక మీదకి.

పుస్తకం దీనికంటే చాలా మెట్లు పైన ఉంది. చదివి వినిపిస్తే కాదు, కలిసి మాట్లాడితే. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పద్ధతి సారం ఇదే: కథ చెప్పే పనిని మెల్లగా పిల్లాడి చేతికి ఇవ్వడం. బొమ్మ చూసి వాడు "కుక్క" అంటే, "అవును, కుక్క పరిగెడుతోంది" అని ఒక్క మాట కలపాలి, రెండు కాదు. రేపు అదే పేజీ దగ్గర "కుక్క ఏం చేస్తోంది?" అని అడిగి ఆగాలి. ఒకే పుస్తకం కనీసం రెండు వారాలు నడవాలి. మీకు విసుగొస్తుంది, వాడికి రాదు. రోజుకు పది నిమిషాలు చాలు. ఒళ్లో వీపు ఆనించి కూర్చోబెట్టుకుంటే వాడి చూపు మీకు, మీ పెదాలు వాడికి కనిపించవు. ఎదురుగా కూర్చోండి.

తెలుగు పుస్తకాలతో ఒక చిక్కుంది. అచ్చులో ఉన్నది ఇంట్లో వినే తెలుగు కాదు. "కుక్క పరుగెత్తుతున్నది" అని ఉంటే దాన్నలాగే చదవక్కర్లేదు. తెనాలిలో "పరిగెడుతోంది", కరీంనగర్‌లో "ఉరుకుతుంది", మీ ఇంట్లో ఏమంటే అదే అనండి. పేజీకి ఒక్క పని మాత్రమే ఉన్న బొమ్మలు ఎంచుకోండి. 'మంచి పుస్తకం', నేషనల్ బుక్ ట్రస్ట్, తూలిక అనే సంస్థల ప్రచురణల్లో దొరుకుతాయి. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగువి ఉచితం, ప్రింటు తీసుకుని వాడండి, ఫోన్లో వద్దు. మూడు సెకన్లకోసారి పేజీలు తిప్పేస్తుంటే చెయ్యి పట్టుకోవద్దు. ఎక్కడ ఆగితే అక్కడే మాట్లాడండి.

అయినా ఒక్కటే ఎంచుకోమంటే స్నానం చెంబుకే ఓటు. పుస్తకం పది నిమిషాలు, అదీ వాడు కూర్చుంటే. స్నానం, తిండి, బట్టలు, చెప్పులు అన్నీ రోజూ తప్పనివి, ఒకే వరుసలో జరిగేవి, అడుగడుగునా క్రియలు ఉన్నవి. తర్వాత ఏం రాబోతోందో పిల్లాడికి ముందే తెలుసు, అందుకే వంతు అందుకోవడం తేలిక.

మొదటి వారం స్నానం ఒక్కటే పట్టుకోండి. ఆరు మాటలు: నీళ్లు, పోస్తా, పోశా, సబ్బు, రుద్దు, అయిపోయింది. మూడు రోజులు అవే మాటలు, అదే రాగం, ప్రతి చెంబుకూ "పోస్తా... పోస్తా... పోశా!" నాలుగో రోజు చెంబు పైకెత్తి "పోస్తా..." అని ఆగిపోండి. వాడి కళ్లలోకి చూస్తూ మనసులో ఎనిమిది లెక్కపెట్టండి. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. రెండు సెకన్ల మౌనం కూడా పెద్దవాళ్లకు యుగంలా అనిపించి, మళ్లీ అందుకుంటారు. వాడు చూసినా, ఎగిరినా, "పో" అన్నా వెంటనే పోసి "పోశా!" అనాలి. ఎనిమిది దాటినా ఏమీ రాకపోతే మీరే అనేసి పోసేయండి. బిగపట్టొద్దు. "చెప్పు, చెప్తేనే పోస్తా" అన్నారో, రెండో రోజు నుంచి బాత్రూమ్ అంటేనే ఏడుపు.

రెండో వారం తిండి. గిన్నె నింపకుండా అరటిపండు నాలుగు ముక్కలే వేస్తే, 'ఇంకా' అనే అవసరం దానంతటదే వస్తుంది. వాడు తీయలేని మూతున్న డబ్బాలో బిస్కెట్ పెట్టి చేతికిస్తే 'తియ్యి' వస్తుంది. "ఏం కావాలి?" అని అడిగితే వేలు చూపిస్తాడు. రెండూ చేతుల్లో పట్టుకుని "అరటిపండా, బిస్కెట్టా?" అంటే మాట మీ నోటి నుంచే అందుకోవచ్చు. వేలు చూపకముందే చేతిలో పెట్టేసే నానమ్మతో గొడవ పడొద్దు. "అత్తయ్యా, ఇచ్చే ముందు అయిదు లెక్కపెట్టండి చాలు" అని ఆ ఒక్క పనే అప్పజెప్పండి. "నీయ్యు" అంటే "నీయ్యు కాదు, నీళ్లు అను" అనొద్దు. "నీళ్లా? ఇవిగో నీళ్లు" అంటే సరిపోతుంది. 'ళ', 'ర' ఆలస్యంగానే పలుకుతాయి. ఇదంతా జరిగేటప్పుడు టీవీ ఆపేయాలి, ఎవరూ చూడకుండా ఊరికే మోగుతున్నా సరే.

చెంబు చేయలేని పనులూ ఉన్నాయి. ఏనుగు, సముద్రం, నిన్న జరిగింది, తర్వాత ఏమైంది: ఇవి వంటింట్లో దొరకవు. రెండు మాటలు కలపడం మొదలయ్యాక పుస్తకం వాటా పెంచాలి. రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే నాన్నకు పుస్తకమే వీలు.

రైమ్స్ వీడియోలు ఈ పోటీలోనే లేవు. 2003లో సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు మాండరిన్ (చైనా భాష) వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన వాళ్లకు ఆ ధ్వనుల తేడా పట్టుబడింది. అదే సరుకు తెర మీద చూసినవాళ్లకు పట్టుబడలేదు. రెండేళ్లలోపు తెర వద్దని, ఆపైన అయిదేళ్ల దాకా గంట మించొద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. వీడియో కాల్ సంగతి వేరు. డాలస్‌లో ఉన్న మనవడు చెంచా చూపిస్తే గుంటూరులో అమ్మమ్మ "చెంచానా నాన్నా?" అంటుంది, అక్కడ వంతు ఉంది.

తెలుగా, ఇంగ్లీషా? రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మీకు 'సిట్ డౌన్', 'కమ్ హియర్' దాటి వాడితో ముచ్చట్లాడటానికి ఏ భాష నోటికి వస్తే అందులో మాట్లాడండి.

మీట నొక్కితే ఏబీసీడీ పాడే బొమ్మలు వంతు ఇవ్వవు, తామే మాట్లాడేస్తాయి. బ్యాటరీలు తీసేసి ఇవ్వండి, బానే పనికొస్తాయి.