వైజాగ్ వందేభారత్: పోవడానికి కాదు, రావడానికి

మాది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు, ఆయిల్ సీళ్ల వ్యాపారం. వైజాగ్ ఆటోనగర్‌లో, గాజువాకలో పార్టీలున్నారు. బాకీలు ఫోన్ల మీద వసూలు కావు, మనిషి ఎదురుగా కనబడాలి. అందుకని ఆ ఊరికి తిరుగుతూనే ఉంటాను. ఈ లైన్లో వందేభారత్ వచ్చినప్పటి నుంచి పక్క దుకాణాల వాళ్ళు అడిగేది ఒకటే: "అన్నా, అంత రేటు పెట్టొచ్చా?" పెట్టొచ్చు. కాకపోతే ఎటు నుంచి ఎటు పోతున్నారన్నది చూసుకోవాలి.

నేను చెప్తున్నది 2023 సంక్రాంతికి మొదలైన బండి సంగతి. మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో కదిలి రాత్రి పదకొండున్నరకి వైజాగ్ చేరుతుంది. దగ్గర దగ్గర 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో అంటే గొప్పే. కానీ వ్యాపారస్తుడిగా లెక్కేయండి. సగం రోజు దుకాణం పోయింది. అర్ధరాత్రి దిగి, ఆటోవాడితో బేరమాడి, లాడ్జికి డబ్బు కట్టి పడుకోవాలి. పార్టీ షట్టర్ తీసేదాకా చేసే పనేమీ లేదు. అదే గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే సాయంత్రం ఎక్కి బెర్తు మీద నడుం వాలిస్తే తెల్లారేసరికి అక్కడుంటాం. పైగా అది దువ్వాడలో ఆగుతుంది. ఆటోనగర్, గాజువాక, స్టీల్ ప్లాంట్ వైపు పనున్నవాళ్ళకి దువ్వాడే దగ్గర. వైజాగ్ స్టేషన్ దాకా పోయి మళ్ళీ వెనక్కి రావడం పైసలూ దండగ, టైమూ దండగ. వందేభారత్ దువ్వాడలో ఆగదు. 1974 నుంచి నడుస్తున్న పాత బండి ఇక్కడ కొత్తదాన్ని కొట్టేసిందని నేను మొహమాటం లేకుండా చెప్తాను.

ఇక తిరుగు ప్రయాణానికి వస్తే కథ మారిపోతుంది. పొద్దున 5.45కి వైజాగ్‌లో ఎక్కితే రెండుంబావుకి సికింద్రాబాద్. రాణిగంజ్ అక్కడికి ఎంత దూరం? మూడు కొట్టకముందే గల్లా మీద ఉంటాను. సాయంత్రం గిరాకీ పోదు, రాత్రి ప్రయాణం చేసిన ఒళ్ళునొప్పులుండవు. ఈ ఒక్క కారణానికే నాకు ఆ టికెట్ రేటు కిట్టుబాటు అవుతుంది.

2024లో ఇదే దారిలో రెండో వందేభారత్ వేశారు. దాని వేళలు తలకిందులు: తెల్లవారుజామున అయిదింటికి ఇటు నుంచి, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో అటు నుంచి. పిల్లలతో సరదాగా పోయేవాళ్ళకి ఇది బాగుంటుంది, సాయంత్రానికి రామకృష్ణా బీచ్‌లో ఉండొచ్చు. రెండు బండ్లకీ వారంలో ఒక రోజు సెలవుంటుంది. ఆ రోజు మారుస్తుంటారు కాబట్టి నోటి లెక్కతో ప్లాన్ వేసుకోకండి, యాప్‌లో చూసుకోండి.

సీట్ల గురించి. చైర్ కార్‌లో ఒక పక్క మూడు, ఒక పక్క రెండు. వెనక్కి వాలేది కొంచెమే, నిద్ర మీద ఆశ పెట్టుకోవద్దు. సగం సీట్లు ఇటు, సగం సీట్లు అటు చూస్తుంటాయి. బుక్ చేశాక "నాకు ఉల్టా సీటు వచ్చింది, తల తిరుగుతుంది" అని గొడవపడేవాళ్ళని చూస్తుంటాను. ఈ దారిలో ఆ గొడవే అనవసరం. కాజీపేట నుంచి వచ్చే లైనూ, వైజాగ్ పోయే లైనూ విజయవాడ స్టేషన్‌కి ఒకే వైపున కలుస్తాయి. అందుకని వచ్చిన బండి అక్కడ వెనక్కి తిరిగి పోవాల్సిందే. గోదావరికైతే ఒక కొసన ఇంజన్ ఊడదీసి రెండో కొసన తగిలిస్తారు. వందేభారత్‌కి రెండు కొసలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం లేదు. విజయవాడ సరిగ్గా సగం దారి. అక్కడిదాకా వెనక్కి పోయినవాడు అక్కణ్ణుంచి ముందుకు పోతాడు, ముందుకు పోయినవాడు వెనక్కి. అందరికీ సమన్యాయం! ఎగ్జిక్యూటివ్ క్లాసులో సీటు గుండ్రంగా తిప్పుకోవచ్చు. విజయవాడ రాగానే పెద్దమనుషులు లేచి కుర్చీలు తిప్పుకుంటుంటే చూడ్డానికి సరదాగా ఉంటుంది గానీ, దానికోసం అంత ఎక్కువ డబ్బు నేను పెట్టను.

తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. సాగనంపడానికి వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వకండి. బండి కొత్తలో రాజమండ్రిలో ఒకాయన ఫొటోల కోసం ఎక్కి, తలుపులు పడిపోయి, విజయవాడ దాకా పోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. అప్పట్లో మధ్యలో స్టాపే లేదు మరి. ఇంకోటి, గోదావరి బ్రిడ్జి మీద చిల్లర వేసే అలవాటున్న పెద్దవాళ్ళకి ముందే చెప్పండి: కిటికీ తెరుచుకోదు, తలుపు దగ్గరికి పోయినా లాభం లేదు. మా అమ్మ ఆ రూపాయి బిళ్ళ కొంగుకి ముడేసుకుని, అద్దంలోంచే దండం పెట్టింది.

భోజనం టికెట్‌లో కలుపుకోవచ్చు, వద్దని కూడా పెట్టుకోవచ్చు. వద్దని పెట్టి, ఆకలేసి బండిలో కొంటే పైన యాభై రూపాయలు అదనం పడుతుంది, కాబట్టి ముందే తేల్చుకోండి. వచ్చేది చపాతీ, పప్పు, పనీర్ కూర, అన్నం, పెరుగు తరహా. నా నోటికి అది పట్టదు, ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటాను. మీకు పనీర్ ఇష్టమైతే దిగులు లేదు.

సామాను మాత్రం జాగ్రత్త. చైర్ కార్‌లో 40 కిలోల దాకా ఉచితమే గానీ, పెట్టుకోవడానికి ఉన్నది తల మీద అర ఒక్కటే. సీటు కింద ట్రంకు పట్టదు. శాంపిల్ బేరింగుల పెట్టె చిన్నదే అయినా ఎంత బరువుంటుందో ఆ వ్యాపారం చేసేవాళ్ళకి తెలుసు. దాన్ని పైన పెట్టి కింద కూర్చున్నవాడి నెత్తికి ముప్పు తేవద్దు. కాళ్ళ దగ్గరే ఉంచుకోండి, లేదా పార్సిల్‌లో పంపి చేతులూపుకుంటూ పొండి.

నా మార్కులు: వైజాగ్ నుంచి వచ్చేటప్పుడు అయిదుకి నాలుగున్నర, పోయేటప్పుడు రెండున్నర. దుకాణం పేరు మీద తిరిగేవాళ్ళు టికెట్ తీసేటప్పుడే జీఎస్టీ నంబరు ఎక్కించండి, దానికి చోటుంది. ఏసీ టికెట్ మీద 5 శాతం పన్ను పడుతుంది, ఆ బిల్లు మీ ఆడిటర్‌కి పనికొస్తుంది.