వరద పనికి కత్తి: అలుగు సరే, ఒర సంగతేమిటి?

వరద ప్రవాహంలో చిక్కుకున్నవారిని ఒడ్డుకు చేర్చే పనిలో ఉన్నవారు కత్తి కొనేటప్పుడు ముందుగా దాని అలుగునే, అంటే కోసే భాగాన్నే చూస్తారు. ఏ ఉక్కుతో చేశారు, తుప్పు పడుతుందా, కక్కులు (రంపంలా ఉండే పళ్లు) ఎంత మేర ఉన్నాయి అని ఆరా తీస్తారు గానీ ఒర సంగతి అడగనైనా అడగరు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరడానికి కొద్ది వారాల ముందు కొన్న కత్తిని అప్పటి నుంచి ప్రతి వానాకాలంలోనూ లైఫ్ జాకెట్ భుజానికి తగిలించుకొని వాడుతున్నాను. ఇన్నాళ్లు వాడాక దాని అలుగు మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఒర మీద పుట్టిన కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ ఒర గురించే ఉంటుంది.

కత్తి రూపాన్ని వివరించనవసరం లేదు. మొండి మొన, సుమారు 3 అంగుళాల అలుగు, పిడి వైపు కక్కులు, ముందు వైపు నున్నటి అంచు, గట్టి ప్లాస్టిక్ ఒర, ఒర నోటి దగ్గర రెండు పక్కలా నొక్కితే కత్తిని వదిలే మీటలు. ఈ తరహా కత్తులన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. మడత కత్తి ఎందుకు వద్దంటారో కూడా ఈ పని తెలిసినవారికి చెప్పక్కర్లేదు. ఒక చెయ్యి తాడునో పడవ అంచునో పట్టుకొని ఉండగా, నీళ్లలో నాని తిమ్మిరెక్కిన రెండో చేతి వేళ్లతో దాన్ని తెరవడం అయ్యే పని కాదు.

కత్తి నాకు తృప్తినిచ్చింది నేను ఊహించని చోట. కొన్నప్పుడు మా మనసులో ఉన్నదల్లా త్రో బ్యాగ్ తాడు, అంటే కొట్టుకుపోతున్నవారికి విసిరే సంచిలోని తాడు. నీటి మీద తేలే పాలీప్రొపిలీన్ తాడు 15 నుంచి 20 మీటర్ల వరకు ఆ సంచిలో ఉంటుంది, అది విసిరినవారికో అందుకున్నవారికో చుట్టుకుంటే వెంటనే కోయాలి, తాడు ఉన్న చోట కత్తి ఉండి తీరాలనే నియమం అలా వచ్చిందే. అయితే భద్రాచలం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, ఆపైన నీరు ఊళ్లమీదికి, కొట్టాల్లోకి వస్తుంది. అక్కడ నా కత్తి అన్నిటికంటే ఎక్కువగా కోసింది పశువుల పలుపులను. ఇల్లు ఖాళీ చేసే తొందరలో విప్పడానికి వీలుపడక వదిలేసిన గేదె మెడలోతు నీటిలో మోర పైకెత్తి నిలబడి ఉంటుంది. అది గుంజుకున్నకొద్దీ ముడి బిగుస్తుంది, నానిన నార ముడిని వేళ్లతో విప్పలేము. కక్కుల అంచును పలుపు కింద దూర్చి పైకి ఒక్కసారి లాగితే బిగువుగా ఉన్న తాడు ఇట్టే తెగిపోతుంది. వదులుగా ఉన్న తాడు అంత సులువు కాదు. అది నీటిలో అలుగుతో పాటే జరుగుతుంది కాబట్టి చేత్తో మడత వేసి, ఆ మడతలోకి కత్తిని దూర్చి బయటికి లాగాలి. ఈ పనిని కళ్లతో చూస్తూ చేయలేము, ఎర్రటి వరద నీటిలో వేళ్లే కళ్లు కావాలి.

మొండి మొన విలువ అప్పుడే తెలిసింది. బెదిరిన గేదె తల విదిలించినప్పుడు కత్తి మొన నేరుగా దాని మెడకు తగిలి జారిపోయింది గానీ గుచ్చుకోలేదు. గాలి నింపిన రబ్బరు బోటులో, పిల్లలు ఒళ్లో కూర్చొని ఉండగా కత్తి బయటికి తీయవలసి వచ్చినప్పుడు ఇంకే మొన ఉన్న కత్తినీ నేను ఒప్పుకోను. ఈ మాట అప్పట్లో మా బృందంలో అందరికీ గట్టిగానే చెప్పాను. దానికి ఇప్పుడు చిన్న సవరణ అవసరం. పూరింటి కప్పు మీద బిగించి కట్టిన టార్పాలిన్‌ను పైనుంచి చీల్చి లోపల అటక మీద ఉన్నవారిని బయటికి తీయవలసి వస్తే మొండి మొన తొలి రంధ్రం చేయలేదు. పట్టాను ఎక్కడో ఒక చోట గుప్పిట్లోకి లాగి మడత చేసి, ఆ మడత మీద కక్కులతో కోసి లోపలికి వెళ్లాలి. అందుకు పట్టే సమయం తక్కువేమీ కాదు.

ఇక ఒర. ఒక వానాకాలంలో గోదావరి ఎగదన్నడంతో వాగు పొలాల మీదుగా రోడ్డు దాటి ప్రవహిస్తోంది. అవతలి ఇంటి మేడ మీద ఉన్నవారి దగ్గరికి వెళ్లడానికి మా సహచరుడు ఒకరు లైఫ్ జాకెట్ వెనుక తాడు తగిలించుకొని దిగారు. ఆ తాడును ఒక్క లాగుతో విడిపించుకునే పట్టీ ఆయన ఛాతీ మీదే ఉంది, అవసరమైనప్పుడు అది సరిగ్గానే విడిపోయింది. అయితే విడిపోయిన తాడు కిందికి కొట్టుకుపోతూ ఆయన చీలమండకు చుట్టుకుంది, దాని రెండో వైపు నీటి అడుగున కనిపించకుండా ఉన్న పొలం ముళ్లకంచె రాతి స్తంభానికి పట్టుకుంది. నీటి వేగం రెట్టింపైతే అది మనిషి మీద మోపే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కాలు కిందివైపు బిగిసి ఉన్న మనిషిని ఆ ఒత్తిడి ముందుకు వంచుతుంది, ముందుకు వంగితే తల నీటిలోకి పోతుంది. ఆయన మోచేతులతో మా పడవ అంచును పట్టుకొని ఆ వంపును ఆపుకుంటున్నారు.

పడవ ముందు భాగంలో ఆయనకు అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే. ఎడమ చేత్తో ఆయన జాకెట్ భుజం పట్టీని పట్టుకొని, కుడి చేతి బొటనవేలు, చూపుడువేలుతో ఒర మీటలను నొక్కాను. అవి గోరు మందం మేర లోపలికి కదిలి ఆగిపోయాయి. వేళ్ల కింద ఏదో గరగరమని నలిగింది తప్ప మీటలు లొంగలేదు. పిడిని అటూ ఇటూ ఊపినా, మీటలను ఎంత బలంగా అదిమినా కత్తి రాలేదు. నా జాకెట్ కూడా కత్తితో పాటు పైకి వస్తోంది. పడవ కళాసీ ఇదంతా చూసి, కూర్చునే చెక్క కింద నుంచి కక్కు కొడవలి తీసి, అంచు మీదుగా బోర్లా వంగి, తడిమి తాడు దొరకబుచ్చుకొని ఒకే లాగుతో కోసేశాడు. సహచరుడు క్షేమంగా పడవలోకి వచ్చారు, చీలమండ చుట్టూ తాడు ఒరుసుకున్న గాయం మానడానికి మాత్రం కొంతకాలం పట్టింది. పడవలో కొడవలి లేకపోయినా, కళాసీ అంత చురుకైనవాడు కాకపోయినా ఏమయ్యేదో నేను ఊహించుకోదలచుకోలేదు.

ఒడ్డుకు వచ్చాక మరుగు నీళ్లు పోసి, స్క్రూడ్రైవర్‌తో మీటల పక్కన తవ్వి కత్తిని బయటికి తీశాను. మీటకూ ఒర గోడకూ మధ్య ఉన్న సన్నని సందు నిండా ఒండ్రు చేరి ఇటుకలా గట్టిపడి ఉంది. ఇసుక అయితే ఇంత ఇబ్బంది పెట్టదు. దాని రేణువులు ఒకదానికొకటి అంటుకోవు కాబట్టి ఎండగానే రాలిపోతాయి. ఒండ్రు పిండి కంటే మెత్తన, నీటితో పాటు ఎంత చిన్న సందులోకైనా వెళ్లి, ఎండగానే పట్టేస్తుంది. తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా మేము నీటిలోకి దిగడం, పడవ మీద ఎండలో ఆరడం, మళ్లీ దిగడం జరుగుతూనే ఉంటుంది. దిగిన ప్రతిసారీ ఒక పొర చేరుతుంది, ఎక్కిన ప్రతిసారీ అది ఆరుతుంది. ఒర అడుగున నీరు పోవడానికి చేసిన రంధ్రం అగ్గిపుల్ల తలంత. అన్నిటికంటే ముందు పూడిపోయేది అదే.

ఈ విషయం అమ్మినవారికి రాస్తే, వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగాలని పెట్టె మీద ముద్రించి ఉందని జవాబు వచ్చింది. ముంపు గ్రామాల్లో తాగడానికే ప్యాకెట్ల నీళ్లు పంచుతున్న రోజున ఒర కడగడానికి మంచినీరు ఎక్కడి నుంచి తేవాలి? వరద పనికోసమని అమ్మే వస్తువు వరద నీటిలో ఉండే మట్టిని తట్టుకోలేకపోతే అది రూపకల్పనలోనే ఉన్న లోపం. దాన్ని వాడేవారి శుభ్రత మీదికి నెట్టడం అన్యాయమని ఇప్పటికీ అంటాను.

ఆ తరువాత కత్తిని ఉంచి ఒరను మార్చాను. కైడెక్స్ అనే ప్లాస్టిక్ పలకను వేడిచేసి, అలుగుకు సరిపోయేలా అచ్చుపోసే పనివారు హైదరాబాద్‌లో ఉన్నారు. వారితో అడుగు భాగం పూర్తిగా తెరిచి ఉండేలా, రెండు పక్కలా పొడవాటి చీలికలు ఉండేలా చేయించుకున్నాను. అందులో మీటలేమీ లేవు. పిడి మొదటి భాగాన్ని ఒర నోరు పట్టుకొని ఉంటుంది, బలంగా లాగితే వదులుతుంది. కాలువ ఒండ్రు కలిపిన బకెట్లో ముంచి ఎండబెట్టడం, మళ్లీ ముంచి ఎండబెట్టడం చేసి, చేతి తొడుగు వేసుకొని ఒంటి చేత్తో లాగి చూశాను. పాత ఒర ఈ పరీక్షలో మళ్లీ పట్టేసింది, కొత్తది కాస్త గీరుకుంటూనైనా ప్రతిసారీ వదిలింది. ఏ కంపెనీ కత్తి కొన్నవారైనా మొదటి వారంలోనే ఈ బకెట్ పరీక్ష చేయాలని నా విన్నపం.

కొత్త ఒరలో లోపం లేదని అనను. నీటిలో నుంచి రబ్బరు బోటు లావుపాటి అంచు మీదుగా బోర్లా పాకి ఎక్కేటప్పుడు పిడి ఒరుసుకొని కత్తి సగం దాకా బయటికి వచ్చేసింది. కింద పిల్లలు ఉన్న బోటులో అది చిన్న విషయం కాదు. కత్తికి తాడు కట్టుకుంటే కొత్తగా చిక్కుకునేది ఇంకొకటి తయారవుతుంది కనుక ఆ దారి వద్దనుకున్నాను. పాత సైకిల్ ట్యూబు నుంచి సన్నని చుట్టు కోసి పిడి మీదుగా వేశాను. గట్టిగా లాగితే జారిపోతుంది, ఒరుసుకున్నంత మాత్రాన జారదు. ఆ రబ్బరు ఎండకు పగుళ్లిస్తుంది కాబట్టి తరచూ మార్చవలసి వస్తోంది. మీటలున్న ఒర ఈ ఒక్క విషయంలో మెరుగని ఒప్పుకోవాలి.

అలుగు ఉక్కు తుప్పు పట్టదని మొదట్లో చాలా మెచ్చుకున్నాను. అది నిజమే. అయితే అంత సులువుగా తుప్పు పట్టని ఈ మెత్తటి స్టెయిన్‌లెస్ ఉక్కు పదునును కూడా త్వరగానే పోగొట్టుకుంటుంది. ఇసుక పట్టిన తాళ్లను కోస్తే మరీ త్వరగా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు వీధుల్లో బోటు ప్రొపెల్లర్‌కు చీరలు, గోనె పట్టాలు, కేబుల్ టీవీ తీగలు చుట్టుకునేవి. ఇంజను ఆపి, గుడ్డను కత్తితో చీల్చి తీయవచ్చు గానీ, తీగలో రాగి తగిలిందంటే కక్కుల కొసలు మొద్దుబారతాయి. నున్నటి అంచును ఇంట్లో సానరాయి మీద నూరుకోవచ్చు. కక్కులకు సన్నగా మొదలై లావయ్యే సాన కడ్డీ కావాలి, ఒక్కొక్క పన్ను మధ్య గాడిని విడిగా నూరాలి. కొడవళ్లకు కక్కు పెట్టే మా ఊరి కమ్మరి ఈ పని చేయనన్నాడు. హెచ్-1, ఎల్‌సీ200ఎన్ వంటి నత్రజని కలిపిన ఉక్కులు ఉప్పునీటిలో కూడా తుప్పు పట్టవు, ధర కూడా అందుకు తగినట్టే ఉంటుంది. సముద్ర తీరంలో పనిచేసేవారికి ఆ ఖర్చు సమంజసమే, గోదావరి మంచినీటి పనికి నాకు అవసరం కనిపించలేదు.

జాలర్ల నైలాన్ వలలో మనిషి చిక్కుకుంటే మాత్రం ఈ కత్తిని మొదట తీయకండి. వల కళ్లు కక్కుల్లో పట్టుకొని, కోస్తున్నకొద్దీ వల అంతా దగ్గరికి వస్తుంది, చిక్కుకున్నవారి మీద ఇంకా బిగుస్తుంది. అంచు లోపలివైపు దాగి ఉండే కొక్కెపు కోత పరికరం అక్కడ ఎంతో నయం, ఒళ్లు కోసుకుంటుందనే భయం కూడా ఉండదు. మా బృందంలో ఇప్పుడు జాకెట్ జేబులో అది కూడా ఉంటోంది.

ఈ కత్తిని మళ్లీ కొంటానా అంటే అలుగు కోసం కొంటాను, దానితో వచ్చే ఒరను మాత్రం నీటి దగ్గరికి తీసుకెళ్లను. రాళ్ల మీదుగా పారే తేటనీటి వాగుల్లో రాఫ్టింగ్ నడిపేవారికి, పని ముగియగానే కుళాయి కింద కడిగే వీలున్న బృందాలకు ఆ మీటల ఒర చాలవచ్చు, కత్తి జారిపోదనే ధీమా కూడా వారికి ఉంటుంది. రోజంతా ఒండ్రు నీటిలో నానే మా వంటివారికి అది పనికిరాదు. మార్పించుకునే స్తోమత లేనివారు కనీసం పూట పూటకూ మీటలను నొక్కి చూసుకుంటూ, ఒరను ఎండనివ్వకుండా తడిగుడ్డ చుట్టి ఉంచుకోండి. పడవలో సరంగు దగ్గర కొడవలి ఉందో లేదో కూడా ఎక్కేముందే అడగండి.