డిసెంబర్ వానల్లో సైకిల్ క్యాంపింగ్‌కి ఈ టెంట్ పనికొస్తుందా?

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా తూపిలిపాళెం బీచ్‌కి సైకిల్ మీద వెళ్లాలనుకునేవాళ్లు ఈ ఇద్దరు పట్టే టెంట్ ధైర్యంగా కొనుక్కోవచ్చు. మన వైపు డిసెంబర్‌లో చలి పెద్ద లెక్క కాదు, ఈశాన్య రుతుపవనాల వానే అసలు టెన్షన్, అందుకే లావుపాటి స్లీపింగ్ బ్యాగ్ మీద డబ్బులు పోసేకంటే పైకప్పు గుడ్డ నేలదాకా దిగుతుందా, అడుగు షీట్ 3000 ఎంఎం రేటింగేనా (నీటి ఒత్తిడిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే కొలత) అని చూడండి. ఇందులో రెండూ ఉన్నాయి. రాత్రంతా వాన దంచినా లోపలికి చుక్క కారలేదు! జిప్పులన్నీ బిగించేస్తే మాత్రం మన ఊపిరి తేమే లోపలి గుడ్డకి పట్టి తడుపుతుంది, గాలి ఆడే కిటికీ తెరిచే ఉంచండి. దీంతో వచ్చే సన్న మేకులు బీచ్ ఇసుకలో అస్సలు నిలవవు, వెడల్పువి విడిగా కొనుక్కోవాలి. ఆ ధరకి అవి కూడా ఇవ్వాల్సింది.