గీతల కిట్టా, డిజిటల్ కిట్టా?

గర్భం వచ్చిందో లేదో ఇంట్లోనే చూసుకునే ఈ కిట్లు రెండూ వెతికేది ఒకటే: మూత్రంలో హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్. తేడా అంతా ఫలితం చదివేది ఎవరన్న దాంట్లోనే.

గీతల కిట్‌లో చదవాల్సింది మనమే. కిట్ మీద 'సి' (కంట్రోల్) దగ్గర గీత రాలేదంటే కిట్ పనిచేయలేదని అర్థం, ఇంకోటి వాడాల్సిందే. 'టి' (టెస్ట్) దగ్గర, చెప్పిన సమయంలోపే రంగున్న గీత వస్తే, ఎంత లేతగా ఉన్నా చాలావరకు పాజిటివే. టెన్షన్ పెట్టేది అరగంటయ్యాక చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిదరంగు చార. (ఆ పని చేయనివాళ్లు తక్కువే లెండి.) అది మూత్రం ఆరిన మరక, లెక్కలోకి రాదు.

డిజిటల్‌లో ఈ తంటా లేదు. లోపల ఉన్నదీ అలాంటి స్ట్రిప్పే, కాకపోతే సెన్సార్ చదివి మాటల్లో చెబుతుంది. ధర ఎక్కువ. మరీ తొందరపడి చేస్తే, గీతల కిట్‌లో లేతగా కనిపించే రోజున కూడా ఇది 'కాదు' అనేయొచ్చు.

నా ఓటు ముందు గీతల కిట్‌కే. లేతగా వస్తే 2, 3 రోజులు ఆగి, పొద్దున తొలి మూత్రంతో మళ్లీ చేయండి. తొలి వారాల్లో హెచ్‌సీజీ సాధారణంగా అంతలోనే రెట్టింపవుతుంది, గీత ముదురుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే రక్తపరీక్షే. పాజిటివ్ వచ్చాక కడుపులో తీవ్రమైన నొప్పి గానీ, రక్తస్రావం గానీ ఉంటే మాత్రం కిట్లు పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.