హార్డ్ డిస్కు పోబోతోందా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో కొన్నేళ్ల అనుభవం

తిరుపతిలో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసేవాళ్లకు హార్డ్ డిస్కు గురించి ఉండే బెంగ వేరు. కొండ మీదో, తిరుచానూరులోనో పెళ్లి చేసుకుని అదే సాయంత్రం రైలెక్కే కుటుంబాలు మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. వాళ్లది వరంగల్లో, బళ్లారో, వేలూరో అయి ఉంటుంది. ఆల్బమ్‌లోకి ఏ ఫొటోలు కావాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఎంచి పంపేసరికి కొందరికి ఏడాది దాటుతుంది. అన్నాళ్లూ ఆ పెళ్లి మా డిస్కులోనే ఉంటుంది. జారిపోయిన తలంబ్రాల ఘట్టాన్ని ఇంకోసారి తీయలేం. అందుకే డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోను మా స్టూడియోలో ప్రతి కంప్యూటర్‌లోనూ కొన్నేళ్లుగా నడుపుతున్నాను. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడ నమ్మకూడదో రాస్తున్నాను.

ఇది విండోస్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్. జపాన్‌కు చెందిన ఒక డెవలపర్ తయారుచేశారు. సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేని జిప్ రూపంలోనూ దొరుకుతుంది కాబట్టి నేను దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరుగుతాను. మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. ఇది డిస్కును మూల నుంచి మూల దాకా వెతకదు, పరీక్షించదు. ప్రతి డిస్కూ లోపల తన గురించి తాను ఒక లెక్క రాసుకుంటూ ఉంటుంది. దాన్నే స్మార్ట్ అంటారు. ఆ లెక్కను చదివి మన ముందు పెట్టడమే ఈ సాఫ్ట్‌వేర్ పని. తెరిచిన రెండు మూడు సెకన్లలో ఫలితం వచ్చేస్తుంది కదా, డిస్కు అంతా చూసేసిందనుకునేవాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. మనం ముట్టని ఫైలు కింద సెక్టారు, అంటే డిస్కులో డేటా రాసుకునే చిన్న చోటు, చెడిపోయి ఉంటే, దాన్ని చదివే సందర్భం వచ్చేదాకా ఆ సంగతి డిస్కుకే తెలియకపోవచ్చు.

పైన పెద్ద గడిలో ఒక రంగు కనిపిస్తుంది. నీలమైతే బాగుందని, పసుపైతే జాగ్రత్త అని, ఎరుపైతే చెడిపోయిందని అర్థం. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు విండోస్ కన్నా ముందు నడిచే బయాస్ అనే సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీ తయారీదారు గీసిన హద్దు దాటితే తప్ప నోరు విప్పదు. ఆ హద్దు చాలా ఉదారంగా ఉంటుంది. డిస్కు పాడవడం మొదలయ్యాక కూడా బయాస్ అంతా క్షేమమే అనగలదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అలా కాదు. 05, సీ5, సీ6 అనే మూడు వరుసల్లో ఏ ఒక్కటి సున్నా దాటినా పసుపు చూపిస్తుంది. ఈ ఒక్క కారణానికే నేను దీన్ని వదలలేదు.

ఆ మూడు వరుసలే అసలు విషయం. డిస్కు ఒక సెక్టారును చదవబోయి చదవలేకపోతే దాన్ని అనుమానితుల జాబితాలో పెడుతుంది. ఆ సంఖ్యే సీ5. తర్వాత ఎప్పుడైనా ఆ చోట కొత్తగా ఏదైనా రాసినప్పుడు డిస్కు మళ్లీ పరీక్షించుకుంటుంది. రాయగలిగితే అనుమానం తొలగి సీ5 తగ్గుతుంది. రాయలేకపోతే ఆ చోటును పక్కనపెట్టి, విడిగా దాచుకున్న అదనపు చోటును దానికి బదులు వాడుకుంటుంది. అప్పుడు 05 పెరుగుతుంది. అంటే 05లో ఉన్నది జరిగిపోయిన నష్టం. సీ5లో ఉన్నది ఇప్పుడు మన ఫైలు మీద కూర్చున్న ప్రమాదం. డిస్కు తనంతట తాను చేసుకునే తనిఖీలో సరిదిద్దలేకపోయిన సెక్టార్ల లెక్క సీ6. మూడింటిలోనూ నేను ముందు చూసేది సీ5నే.

ఈ అంకెలు మొదట పదహారు ఆధారంగా ఉండే సంఖ్యల్లో కనిపిస్తాయి. వరుసగా సున్నాలు, చివర 18 అని ఉంటే అది పద్దెనిమిది కాదు, ఇరవై నాలుగు. మెనూలో ఫంక్షన్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద రా వ్యాల్యూస్ అన్నచోట పది ఆధారంగా ఉండేదాన్ని ఎంచుకుంటే మామూలు అంకెల్లో వస్తాయి. సాఫ్ట్‌వేర్ వేసుకున్న వెంటనే చేయవలసిన పని ఇదే. మొదటి నుంచే ఇలా ఉంటే ఎంత బాగుండేదో!

ఇక మాకు ఎదురైన ఘటన చెబుతాను. వైశాఖ మాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. ఎడిటింగ్ చేసే కుర్రాడు ఒక రిసెప్షన్ వీడియోను 4 టీబీ డిస్కు నుంచి ఎస్ఎస్‌డీలోకి కాపీ చేస్తున్నాడు. వేగం సెకనుకు 150 ఎంబీ దగ్గర నిలకడగా ఉన్నది కాస్తా ఒక్కసారిగా సున్నాకు పడింది. కాసేపటికి లేచింది, మళ్లీ పడింది. "అన్నా, కంప్యూటర్ నిలబడిపోతోంది, రీస్టార్ట్ చేసేదా?" అన్నాడు. వద్దని చెప్పి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాను. అంతకుముందు వారం నీలంగా ఉన్న గడి పసుపు రంగులో ఉంది. సీ5 ఎనిమిది. విండోస్ తనకు ఎదురైన ఇబ్బందులను రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే డిస్క్ పేరుతో 153వ నంబరు హెచ్చరికలు, వాటి మధ్య 7వ నంబరు ఎర్ర గుర్తు. 153 అంటే అడిగిన పని జరగక మళ్లీ అడగాల్సి వచ్చిందని, 7 అంటే చెడిన చోటు తగిలిందని. డిస్కు ఒకే సెక్టారును పదేపదే చదవడానికి ప్రయత్నిస్తూ ఉంటే విండోస్ దాని కోసం కాచుకుని కూర్చుంటుంది. కంప్యూటర్ నిలబడిపోయినట్టు కనిపించేది అందుకే.

ఇలాంటప్పుడు చాలామంది విండోస్‌లోనే ఉండే డిస్కు తనిఖీ ఆదేశం చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో (chkdsk /r) నడుపుతారు. దయచేసి ఆ పని ముందు చేయకండి. అది డిస్కు మొత్తాన్ని చదివిస్తుంది. కొన ఊపిరితో ఉన్న డిస్కు చేత, మన ఫైళ్లు బయటికి తీసుకోకముందే, గంటల తరబడి బరువు మోయించడమే అవుతుంది. పైగా చెక్‌డిస్క్ చూసుకునేది ఫైళ్ల అమరికను, మన ఫైళ్ల క్షేమాన్ని కాదు. మేము ఎడిటింగ్ ఆపేసి, వేరే డిస్కులో కాపీ లేని పెళ్లిళ్లను ముందు, మిగతావాటిని తర్వాత బయటికి తీశాం. కాపీ సాగుతుండగానే సీ5 ఇరవై నాలుగు అయింది. రెండు వీడియో ఫైళ్లు మాత్రం ఎంతకీ చదవలేదు. మెమరీ కార్డులు అప్పటికింకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి వాటిని అక్కడి నుంచి తెచ్చుకున్నాం. ఆల్బమ్ చేతికి ఇచ్చేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదన్నది మా స్టూడియోలో కట్టుబాటు.

అంతా బయటికి వచ్చాక ఆ డిస్కు మొత్తం మీద ఒకసారి సున్నాలు రాయించాను. సీ5 సున్నా అయింది. 05 మాత్రం పదహారు దగ్గర నిలిచింది. అంటే ఇరవై నాలుగు అనుమానితుల్లో ఎనిమిది నిలదొక్కుకున్నాయి, మిగతావి పక్కకు తప్పుకున్నాయి. డిస్కు మళ్లీ వేగంగా పనిచేసింది. చాలామంది మోసపోయేది ఇక్కడే. దుకాణంలో ఫార్మాట్ చేయించాం, బాగైపోయింది అంటారు. విండోస్‌లో పూర్తి ఫార్మాట్ కూడా డిస్కు నిండా సున్నాలే రాస్తుంది కాబట్టి అనుమానితుల లెక్క మాయమవుతుంది. రోగం మాత్రం అక్కడే ఉంటుంది. ఆ డిస్కును పనికిరాని ఫైళ్లతో నింపి కొన్ని వారాలు గమనించాను. సీ5 మళ్లీ లేచింది. ఇక దానికి పని చెప్పలేదు. వారంటీ ఉండటంతో బదులు డిస్కు వచ్చింది.

దీనికి పూర్తిగా భిన్నమైన డిస్కు ఒకటి మా దగ్గరే ఉంది. దానిలో 05 ఎనిమిది. కొన్నేళ్లుగా ఎనిమిదే. సీ5, సీ6 సున్నా. గడి రంగు పసుపే. పై కథలోని డిస్కుకూ ఇదే పసుపు, దీనికీ ఇదే పసుపు. రంగుకు ఈ తేడా తెలియదు, అంకె కదలికకు తెలుస్తుంది. అందుకని నేను నెలకోసారి అన్ని డిస్కుల అంకెలనూ ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటాను. సాఫ్ట్‌వేర్ కూడా ఈ లెక్కలను దాచి గ్రాఫ్‌గా చూపిస్తుంది కానీ, కంప్యూటర్ మార్చినా పుస్తకం మన దగ్గరే ఉంటుంది. నిలకడగా ఉన్న ఎనిమిదిని చూసి భయపడనక్కర్లేదు. ఒకటి నుంచి మూడుకు వెళ్లిన సీ5ని చూస్తే ఆ రోజే కొత్త డిస్కు కొనాలి.

డిస్కు తప్పు కాకపోయినా డిస్కు మీద పడే నింద ఒకటుంది, అది సీ7. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య డేటా ప్రయాణంలో దొర్లిన పొరపాట్ల లెక్క ఇది. మా మిత్రుడి డీటీపీ సెంటర్లో కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తుంటే, చూడటానికి వచ్చిన మెకానిక్ డిస్కు పోయిందని తేల్చాడు. నేను వెళ్లి చూస్తే 05, సీ5, సీ6 మూడూ సున్నా. సీ7 మాత్రం వందల్లో ఉంది, చూస్తుండగానే పెరుగుతోంది. సాటా కేబుల్ మార్చాం. ఆ లెక్క అక్కడితో ఆగింది. సీ7 ఒకసారి పెరిగితే తగ్గదు కాబట్టి పాత అంకెను చూసి కంగారు పడకూడదు. కేబుల్ మార్చిన తర్వాత పెరిగిందా లేదా అన్నదే ప్రశ్న. ఆ డిస్కు ఇప్పటికీ శుభలేఖలు అచ్చు వేయిస్తోంది.

అలాగే సీగేట్ కంపెనీ డిస్కుల్లో, చదవడంలోనూ హెడ్డు కదలడంలోనూ దొర్లే పొరపాట్లను చెప్పే 01, 07 వరుసల్లో కోట్లలో అంకెలు కనిపిస్తాయి. ఆ కంపెనీ ఆ లెక్కను రాసుకునే తీరే అంత. దాన్ని చూసి మంచి డిస్కును పారేయకండి.

ఇక నీలం రంగు గురించి. ఇది అందరూ గట్టిగా గుర్తు పెట్టుకోవాలని నా కోరిక. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. తొలి సెక్టారు మార్పిడి జరిగిన డిస్కు ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మామూలు డిస్కు కన్నా 14 రెట్లు, అనుమానిత సెక్టారు కనిపించిన డిస్కుకు 16 రెట్లు ఎక్కువని తేలింది. అంకె కదిలిందంటే ఎందుకు ఆగకూడదో దీన్నిబట్టే తెలుస్తుంది. కానీ అదే అధ్యయనంలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా, వాళ్లు ముఖ్యమైనవిగా ఎంచిన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ సూచనా లేకుండానే పోయాయి. డేటా నిల్వ చేసే బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2016లో ఇచ్చిన లెక్క కొంత మెరుగ్గా ఉంది. వాళ్లు గమనించే ఐదు లెక్కల్లో కనీసం ఒకటి సున్నా దాటింది పోయిన డిస్కుల్లో 76.7 శాతానికి, బాగా పనిచేస్తున్నవాటిలో 4.2 శాతానికి. అంటే వాళ్ల దగ్గర కూడా దాదాపు నాలుగో వంతు డిస్కులు చెప్పకుండానే పోయాయి. మోటారు పట్టేయడం, సర్క్యూట్ బోర్డు కాలిపోవడం లాంటివి సెక్టార్ల లెక్కలో కనిపించవు. గడి నీలంగా ఉంది కదా అని రెండో కాపీ తీయడం మానేయకూడదు.

చెవి కూడా పెట్టాలి. టక్, టక్ అంటూ ఒకే లయలో కొట్టుకుంటూ మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడితే, చదివే హెడ్డు తన దారి దొరక్క వెనక్కి వెళ్లి మళ్లీ వస్తోందని అర్థం. పవర్ సప్లై బలహీనంగా ఉన్నా ఇలాంటి శబ్దం రావచ్చు కాబట్టి నేను ఒక్కసారి వేరే కంప్యూటర్‌కు తగిలించి చూస్తాను. అక్కడా అదే శబ్దమైతే వెంటనే తీసేస్తాను. ఆ స్థితిలో ఏ సాఫ్ట్‌వేరూ సాయం చేయదు. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పడం లాంటివి విని ఎవరూ ప్రయత్నించవద్దు. హెడ్డు పళ్లెం మీద నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన గదిలోని ధూళి కణం దాని ముందు కొండంత. అందులో ఉన్నది విలువైనదైతే చెన్నైలోనో, బెంగళూరులోనో శుభ్రమైన గదులున్న రికవరీ ల్యాబ్‌కు పంపాలి. దానికయ్యే ఖర్చు కొత్త డిస్కు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

వేడి సంగతి చెప్పకపోతే తిరుపతి వాడిని కాను. ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. గ్రాఫిక్స్ కార్డు పక్కనున్న డిస్కు మధ్యాహ్నం రెండర్ పెట్టినప్పుడు 52 దాకా వెళ్లేది. కిందిగూటికి మార్చి, ముందు ఫ్యాను దుమ్ము దులిపాక 44 దాటడం లేదు. ఎంత వేడికి హెచ్చరించాలో సెట్టింగులో మనమే పెట్టుకోవచ్చు, నాది 50. గూగుల్ అధ్యయనంలో మాత్రం మామూలు స్థాయి వేడికీ డిస్కు పోవడానికీ పెద్ద సంబంధం కనిపించలేదు. మరీ ఎక్కువైనప్పుడే కొంత తేడా కనిపించింది.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. కొన్ని యూఎస్‌బీ పెట్టెలు డిస్కు లెక్కను బయటికి పంపవు, అప్పుడు ఈ సాఫ్ట్‌వేర్‌కు చూపించడానికి ఏమీ ఉండదు. ఎస్ఎస్‌డీల విషయంలో అది చూపించే శాతం ప్రధానంగా అరుగుదల లెక్క. ఎస్ఎస్‌డీ ఉన్నట్టుండి పోయేటప్పుడు ఆ శాతం ముందుగా చెప్పేది తక్కువ. అన్నిటికన్నా పెద్ద లోటు, పూర్తి పరీక్ష మొదలుపెట్టే వీలు దీనిలో లేకపోవడం. దానికి డిస్కు తయారీదారు ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌నో, స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నో వాడాలి. చిన్న పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద పరీక్ష డిస్కు ఉపరితలం మొత్తాన్ని చదివిస్తుంది కాబట్టి పెద్ద డిస్కుకు గంటలు పడుతుంది. నేను దాన్ని ఆషాఢానికి అట్టే పెడతాను. పెళ్లిళ్లు ఉండవు, కంప్యూటర్లు ఖాళీగా ఉంటాయి. బీరువాలో ఉన్న పాత పెళ్లిళ్ల డిస్కులన్నిటినీ ఒక్కొక్కటే తగిలించి రాత్రంతా పరీక్ష పెట్టి, పొద్దున్నే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో అంకెలు చూసి పుస్తకంలో రాస్తాను. మొన్నటి ఆషాఢంలో ఒక డిస్కు పరీక్ష మధ్యలో ఆగింది, సీ5 ఒకటి అయింది. అందులోని పెళ్లిళ్లన్నిటికీ రెండో కాపీ ఉంది. కొత్త డిస్కుకు మూడో కాపీ తీసి, పాతదాన్ని ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టాను.